తడి లెక్క కుదిరితే టిరామిసు కుదిరినట్టే

(కోనసీమలోని ఒక ఊళ్లో మహిళా సంఘాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మలకి, గుమ్మం దగ్గర పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డ చెల్లెళ్లకి కూడా. అక్కడ నిలబడక్కర్లేదమ్మా, ఈ పక్క చాపలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పిల్లలు అల్లరి చేసినా నాకేం ఇబ్బంది లేదు.

పోయిన కూడికలో మీరే అడిగారు. ఓవెన్ అక్కర్లేకుండా, కేకు కాల్చే పని లేకుండా ఇంట్లో చేసుకునే ఇటలీ స్వీటు ఒకటుందట, పొరలు పొరలుగా ఉంటుందట, అది నేర్పమని. అదే టిరామిసు. అమలాపురంలోనూ రాజమండ్రిలోనూ బేకరీ అద్దాల వెనక చిన్న గ్లాసుల్లో పెట్టి అమ్ముతున్నారు, చూసే ఉంటారు. ఇటలీవాళ్లు దాన్ని ‘తిరమిసూ’ అని చివర ఒత్తి పలుకుతారు. నిన్న రాత్రి చేసి పెట్టినవి రెండు గిన్నెలు ఈ ఐస్ డబ్బాలో తెచ్చాను. చివర్లో తెరుద్దాం. ఈ ఉక్కలో కాసేపు బయట ఉంటే చాలు, మెత్తబడిపోతుంది.

ఆ మాటకి అర్థం ‘నన్ను పైకి లేపు’ అని. నీరసపడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టేది అన్నమాట. ఇటలీకి ఈశాన్యాన ట్రెవిజో అనే ఊరుంది. అక్కడ లె బెక్కెరీ అనే హోటల్లో 1970ల మొదట్లో దీనికి పేరొచ్చింది. మిఠాయిలు చేసే రొబెర్టో లింగ్వనొట్టో, ఆ హోటల్ ఇల్లాలు ఆల్బా కాంపియోల్ కలిసి దీన్ని తీర్చిదిద్దారని చెబుతారు. ఆల్బా గారు బాలింతగా ఉండి నీరసంతో మంచం మీద ఉన్నప్పుడు ఆవిడ అత్తగారు గుడ్డు పచ్చసొనా పంచదారా బాగా గిలకొట్టి, అందులో కాఫీ కలిపి ఇచ్చేవారట. ఆ రుచి నుంచే ఈ స్వీటు ఆలోచన పుట్టిందని ఆ ఇంటివాళ్ల మాట. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నా పురిటప్పుడు పొద్దున్నే కాయం ఉండ చేతిలో పెట్టి, నేను మింగేదాకా పక్కనే కూర్చునేది. ఏ దేశంలోనైనా బాలింతని లేపి కూర్చోబెట్టే పని ఇంట్లో పెద్దావిడే చూసుకుంటుంది కదండీ.

పక్క ప్రాంతం ఫ్రియులి వాళ్లు మాత్రం ఇది మాదేనంటారు. 2017లో ఇటలీ ప్రభుత్వం దీన్ని ఫ్రియులి వెనెజియా జూలియా సంప్రదాయ వంటకాల జాబితాలో చేర్చింది కూడా. ట్రెవిజో వాళ్లు ఒప్పుకోలేదు. మనకి ఇది కొత్తేం కాదు. కాజా అంటే తాపేశ్వరం వాళ్లు మడత కాజా చూపిస్తారు, కాకినాడ వాళ్లు గొట్టం కాజా చూపిస్తారు. తినేవాళ్లకి రెండూ కావాలి.

ఇందులో పడే సరుకులు ఆరే. మస్కార్పోనే అనే మీగడ జున్ను, పంచదార, గుడ్డు పచ్చసొన, కాఫీ, పొడి బిస్కట్లు, కోకో పొడి. ఈ జాబితా మొదటిసారి రాసుకున్నప్పుడు నాకు భలే సంతోషం వేసింది. కాఫీ మన అరకు కొండల్లో పండుతుంది. గేదె పాల మీగడ మన ఇంట్లోనే ఉంటుంది. ఇక కోకో సంగతి మీకు వేరే చెప్పాలా? ఈ కూడికకి వచ్చిన వాళ్లలో సగంమందికి కొబ్బరి తోట నీడన కోకో చెట్లున్నాయి. మొద్దుకే అంటుకుని కాయ కాస్తుంది. కత్తితో కొడితే లోపల తెల్లటి గుజ్జు, తీపీ పులుపూ కలిసి, పిల్లలు చప్పరిస్తారు. గింజల్ని పోగేసి పులియబెట్టి, ఎండబెట్టి, బస్తాలకెత్తి పంపేస్తాం. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. అదే గింజ పొడై, డబ్బాలోకెక్కి, తిరిగి మన ఊరొచ్చేసరికి మనకే అందని వస్తువులా కనబడుతోంది. అందుకని నేను ఈ స్వీటుని పరాయిది అనుకోను. పేరొక్కటే దూరం నుంచి వచ్చింది.

సరే, పనిలోకి వస్తాను. ముందు నా చేతిలో పాడైన సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ వంటలో అసలు కిటుకు నాకు తెలిసింది అప్పుడే.

నాలుగేళ్ల కిందట మే నెలలో మా ఆడపడుచు కూతుర్ని చూడ్డానికి పెళ్లివారు వస్తున్నారు. పూతరేకులూ కాజాలూ అందరూ పెట్టేవే, మనం కొత్తది పెడదామని నాకు పట్టుదల. ముందురోజు మధ్యాహ్నం కూర్చుని చేశాను. రస్కులు తెచ్చి, వేడి డికాక్షన్‌లో మెత్తబడేదాకా ముంచి, పైన క్రీము పరిచి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం పోయిన కరెంటు తెల్లవారుజామున మూడింటికి గాని రాలేదు. పొద్దున్న మూత తీస్తే గిన్నె అడుగున నల్లటి నీళ్లు, మధ్యలో నానిపోయిన ముద్ద, పైన విడిపోయిన క్రీము. గరిటెతో తీస్తే అంబలిలా జారింది. పెళ్లివారు దారిలో ఉన్నారు, నాకు ఒకటే టెన్షన్. ఏడుపొక్కటే తక్కువ.

ఆ రోజు మా పిన్ని ఇంట్లోనే ఉంది. ఆవిడ అత్తవారిది ఆత్రేయపురం. గిన్నెలోకి తొంగి చూసి,

“ఎంతసేపు ముంచావే రస్కుల్ని?” అంది.

“మెత్తబడేదాకా పిన్నీ.”

“అదీ సంగతి. కరెంటు ఉన్నా ఇది నిలబడేది కాదు. రేకుకి ఎంత తడి చూపిస్తామో చిన్నప్పుడు మా ఇంట్లో చూశావు కదా. మర్చిపోయావా?”

చూశానండి. మీరూ చూసే ఉంటారు. అయినా ఒకసారి చెబుతాను, ఎందుకంటే టిరామిసు కిటుకంతా అందులోనే ఉంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి, నీళ్లకన్నా కాస్త చిక్కన, అంతే. పలచటి గుడ్డ అందులో ముంచి కుండ మీద అలా లాగుతారు. గుడ్డ అటు చివరికి వెళ్లేలోపు ఇటు చివర రేకు ఆరిపోయి, అంచు పైకి లేస్తుంది. చేత్తో అందుకుంటే ఉల్లిపొరలా వచ్చేస్తుంది. నేను చూస్తూ ఉండిపోయేది ఆ తర్వాత సంగతి. చుట్టేటప్పుడు పొడి రేకు పెళపెళా విరిగిపోతుంది. అందుకని తడి గుడ్డ ఒకటి పక్కన పెట్టుకుని, రేకుని దానికి అలా తాకించి తీస్తారు. ఎక్కువసేపు ఉంచితే ముద్దయిపోతుంది, అసలు తాకించకపోతే ముక్కలవుతుంది. మా పిన్ని తోడికోడలు ఆ పని చేస్తూ నాతో కబుర్లు చెప్పేది, చేతి వంక చూసుకునేది కూడా కాదు. తడి ఎంతో ఆవిడ వేళ్లకే తెలుసు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు మొదట కళ్ల ముందు మెదిలింది ఆ చెయ్యే.

టిరామిసు కూడా పొరల స్వీటే. పొరలు నిలబడాలంటే తడి లెక్క కుదరాలి. బిస్కట్లో తడి, క్రీములో తడి, కాఫీలో తడి. ఈ మూడింటి లెక్క చెప్పడానికే ఇవాళ వచ్చాను. మిగతాదంతా చిన్న పనే.

మొదట బిస్కట్టు. ఇటలీలో దీనికి సవోయార్ది అనే వేళ్లలాంటి బిస్కట్లు వాడతారు. గుడ్ల తెల్లసొన నురగ తేల్చి చేసిన స్పాంజిని పొడిపొడిగా కాల్చినవి. లోపలంతా సన్నటి గాలి గూళ్లు, అందుకే కాఫీలో పెట్టీపెట్టగానే పీల్చుకుంటాయి. పెద్ద ఊళ్ల సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి గాని ఖరీదు ఎక్కువ. వాటి బదులు నేను చేసేది ఇది. బేకరీలో పైన క్రీము లేని ఉత్త స్పాంజి కేకు అడిగి తెచ్చుకోండి. వేలు మందాన, వేలు పొడుగున పట్టీలుగా కోయండి. మన దగ్గర గాల్లోనే తేమ ఎక్కువ కాబట్టి ఎండలో పెట్టినా సరిగ్గా ఆరవు. అట్లపెనం బాగా సన్న సెగ మీద పెట్టి, నూనె చుక్క వేయకుండా, పట్టీలు పేర్చి అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. చల్లారాక కొరికితే కరకరమనాలి. అచ్చం సవోయార్దిలా పనిచేస్తాయి. 

రస్కులైనా పర్వాలేదు గాని, అవి రెండుసార్లు కాల్చిన రొట్టె, బిగువుగా ఉంటాయి. సోంపు వేసినవి, యాలకులు వేసినవి వద్దు, కాఫీ రుచితో పడదు. మారీ బిస్కట్లతో కూడా చేయొచ్చు. పలచగా ఉంటాయి కాబట్టి రెండు వరసలకి బదులు నాలుగైదు వరసలు వేసుకోవాలి. ఏకాదశులూ నోములూ పాటించే ఇళ్లలో గుడ్డు తగలకూడదంటే ఇదే మేలు. సవోయార్దిలోనూ గుడ్డు ఉంటుంది, బేకరీ స్పాంజిలోనూ ఉంటుంది. గుడ్డు లేని టిరామిసు అని చెప్పి ఆ బిస్కట్లే వాడేవాళ్లున్నారు, అది తప్పండి. నమ్మి తినేవాళ్లకి నిజం చెప్పాలి. బిస్కట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి.

ఇక కాఫీ. మనింట్లో ఫిల్టర్ ఉంటుంది కదా, మొదటి డికాక్షన్ తీయండి. పాలు వద్దు, పంచదార వద్దు. క్రీములో తీపి ఉంటుంది, కాఫీ చేదుగానే ఉండాలి. చికోరీ కలపని పొడి అయితే రుచి శుభ్రంగా ఉంటుంది. నేను అరకు పొడి తెప్పించుకుంటాను. ఇన్‌స్టంట్ పొడి తప్ప ఇంట్లో లేదంటే, పావు లీటరు వేడినీళ్లలో మూడు చెంచాలు కలపండి. ఏదైనా సరే, పూర్తిగా చల్లారాలి. గోరువెచ్చగా కూడా ఉండకూడదు. వేడి కాఫీ బిస్కట్లోకి దూసుకుపోయి దాన్ని లోపలి నుంచి కూల్చేస్తుంది, పైగా క్రీముని కరిగిస్తుంది. నేను ఆ రోజు చేసిన తప్పుల్లో అదొకటి.

ముంచడం ఎలాగో ఇప్పుడు చూపిస్తాను. ఈ పళ్లెంలో డికాక్షన్ పోశాను, లోతు ఎంతో చూడండి, వేలి గోరు మునిగేంత. లోతు గిన్నెలో పోయకండి, బిస్కట్టు చెయ్యి జారి మునిగిపోతుంది. పట్టీని ఇలా పడుకోబెట్టి, ‘ఒకటి’ అనేలోపు తిప్పి, మళ్లీ ‘ఒకటి’ అనేలోపు పైకి. అంతే. రస్కు అయితే రెండేసి లెక్కలు. ఇప్పుడు దీన్ని విరిచి చూపిస్తాను... వెనక వాళ్లకి కనిపిస్తోందా? ఇదిగో, అంచుల వెంట కాఫీ రంగు దిగింది, మధ్యలో పసుపు గీత ఇంకా పొడిగానే ఉంది. ఈ పొడి గీత ఉండాలి. అయ్యో, లోపల గట్టిగా ఉండిపోతుందేమో అని భయపడకండి. రాత్రంతా పైనా కిందా క్రీములో ఉన్న తేమ నెమ్మదిగా ఆ గీతలోకి దిగుతుంది. పొద్దుటికి గీత ఉండదు, బిస్కట్టు మెత్తగా ఉంటుంది, ఆకారం మాత్రం చెదరదు. మనం ఇప్పుడే మెత్తగా చేసేస్తే క్రీములోంచి దిగే తేమకి చోటుండదు, అది అడుగుకి పోయి నీళ్లవుతుంది.

ఇప్పుడు అసలైన భాగం, మీగడ. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మస్కార్పోనేని చాలామంది చీజ్ అనుకుని భయపడతారు. అది ఉత్తర ఇటలీలో లొంబార్డీ ప్రాంతపు వంటింటి సరుకు. అచ్చం మనం పనీరు విరగ్గొట్టినట్టే, కాకపోతే పాల బదులు మీగడ. పాలని విరగ్గొడితే ముక్కలు ముక్కలుగా విడిపోతుంది, ఎందుకంటే పాలల్లో మాంసకృత్తులు ఎక్కువ, కొవ్వు తక్కువ. మీగడలో కొవ్వు ఎక్కువ కాబట్టి పులుపు తగలగానే విరగదు, చిక్కబడుతుంది. కొవ్వు బొట్లన్నీ ఒక వలలో చిక్కుకున్నట్టు మెత్తటి ముద్దవుతుంది. 

చేసే తీరు ఇది. అర లీటరు మీగడ అడుగు మందం గిన్నెలో పోసి సన్న సెగ మీద కలుపుతూ వేడి చేయండి. మరగకూడదు. అంచుల వెంట సన్న బుడగలు మొదలై, పైనుంచి ఆవిరి వస్తున్నప్పుడు, అంటే 85 డిగ్రీల దగ్గర, ఒక పెద్ద చెంచా నిమ్మరసం పోయండి. అదే సెగ మీద మూడు నాలుగు నిమిషాలు కలపండి. గరిటె వెనక్కి తిప్పి వేలితో గీత గీస్తే, ఆ గీత పూడకుండా నిలవాలి. అప్పుడు దించి చల్లారబెట్టి, జల్లెడలో నాలుగు మడతల పలచటి గుడ్డ వేసి అందులో పోసి, కింద గిన్నె పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దుటికి కింద పలచటి నీళ్లు, పైన వెన్నలాంటి ముద్ద ఉంటుంది. నీళ్లు తక్కువగా దిగినా కంగారుపడకండి, కొన్ని మీగడలు అంతే.

ఏ మీగడ అని అడుగుతారు. కొట్లో డబ్బాల్లో అమ్మే ఫ్రెష్ క్రీముతో అవుతుంది. మన ఇంటి గేదె పాల మీగడతో ఇంకా బాగుంటుంది, కానీ ఒక షరతు. నెయ్యి కోసమని వారం రోజులు పోగేసిన మీగడ పనికిరాదు. అది అప్పటికే పులిసి ఉంటుంది, నిమ్మరసం పడగానే పలుకులు పలుకులుగా విరుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో తీసినదే కావాలి. మా నాయనమ్మ దాలి మీద పిడకల సెగన పాలు కాచేది, తరక వేలు మందాన ఎర్రగా కట్టేది. ఆ తరక రుచి దేనికీ రాదు గాని ఈ పనికి అంత కాగింది వద్దు, గడ్డలు కడుతుంది. పాలు ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి తీసిన తెల్లటి మీగడ తీసుకుని, కొంచెం పాలు పోసి మిక్సీలో ఒక్కసారి తిప్పి వాడండి. ఒక్కసారే. ఎక్కువ తిప్పితే వెన్న పడుతుంది.

అంత ఓపిక లేకపోతే అర లీటరు చిక్కటి గేదె పెరుగుని గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లో ఆరు గంటలు వేలాడదీయండి. కాస్త పుల్లగా ఉంటుంది, పంచదార ఒక చెంచా ఎక్కువ వేసుకోవాలి. మా ఇంట్లో పిల్లలకి ఆ పులుపే నచ్చుతుంది.

ఇందులో కలపడానికి గిలకొట్టిన క్రీము కావాలి. ఇక్కడే మన ఆడపిల్లలు చాలామంది డబ్బులు పోసుకుంటున్నారు. ఫ్రెష్ క్రీము డబ్బా తెచ్చి గంటసేపు గిలకొట్టి, నురగ రాలేదని ఏడుస్తారు. రాదమ్మా. అందులో కొవ్వు 25 శాతమే ఉంటుంది. నురగ నిలబడాలంటే కనీసం 30 శాతం ఉండాలి. డబ్బా మీద విప్పింగ్ క్రీమ్ అని ఉందో లేదో, కొవ్వు ఎంత శాతమో చదివి కొనండి. బేకరీవాళ్లు వాడే వెజ్ టాపింగ్ నూనెల కొవ్వుతో చేస్తారు. ఎండకి తట్టుకుంటుంది, నిజమే, కానీ తిన్నాక నాలుక మీద పొరలా అంటుకుంటుంది. ఇంట్లోవాళ్ల కోసమైతే పాల క్రీమే వాడండి.

గిలకొట్టడం మనకి కొత్తగా నేర్పేదేముంది? మజ్జిగ చిలికి చిలికి చేతులు కాయలు కాసినవాళ్లం. ఎండాకాలం కవ్వం వేస్తే వెన్న పడక, చల్లటి నీళ్లు పోస్తాం కదా. ఇక్కడా అదే. క్రీము, గిన్నె, గిలకొట్టే పుల్లలు మూడూ ఫ్రిజ్‌లో చల్లబడాలి. తేడా ఏమిటంటే అక్కడ వెన్న పడాలి, ఇక్కడ పడకూడదు. 200 మిల్లీలీటర్లు చాలు. పుల్ల పైకెత్తితే మొన మెత్తగా నిలబడి, కొస వంగాలి. అక్కడ ఆపేయండి. ఇంకొక్క నిమిషం అనుకున్నారా, పలుకులు పడి పసుపుపచ్చగా మారుతుంది, ఇక వెనక్కి రాదు. దాన్ని పారేయకండి, నెయ్యి కాచుకోవచ్చు.

గుడ్డు వేసేవాళ్లకి. అసలు ట్రెవిజో పద్ధతిలో పచ్చసొన పచ్చిగానే వేస్తారు. మన వేడికి, మన కరెంటుకి ఆ ధైర్యం వద్దు. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే క్రిమి ఉండొచ్చు, పిల్లలకీ గర్భిణులకీ అసలు పెట్టకూడదు. జున్ను వండినట్టు చేయండి. కింద గిన్నెలో నీళ్లు సలసల కాగుతుండగా పైన ఇంకో గిన్నె పెట్టి, అందులో మూడు పచ్చసొనలు, 80 గ్రాముల పంచదార వేసి, చెయ్యి ఆపకుండా కలపండి. పై గిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు, ఆవిరే తగలాలి. 71 డిగ్రీలు దాటాలి. పాల థర్మామీటరు కొట్లో దొరుకుతుంది, తలా కొంచెం వేసుకుని సంఘానికి ఒకటి కొనుక్కోవచ్చు. చిక్కబడి లేతపసుపు రంగులోకి వస్తే దించి, చల్లారనివ్వండి. గుడ్డు వద్దన్నవాళ్లు ఈ మాట వదిలేసి, అదే పంచదార పొడి చేసి మస్కార్పోనేలో కలపండి.

కలిపేటప్పుడు మస్కార్పోనే ముద్దని ముందు గరిటెతో మెత్తగా మెదిపి, సొన మిశ్రమం కలిపి, చివర్లో నురగ క్రీము వేసి, కింద నుంచి పైకి మడతపెడుతూ కలపండి. మిక్సీ పెట్టకండి. చేతి వేగమే చాలు.

గిన్నెలో పేర్చడం అయిదు నిమిషాల పని. ముంచిన పట్టీలు ఒక వరస, పైన సగం క్రీము, మళ్లీ పట్టీలు, మిగతా క్రీము. పైన గరిటెతో చదును చేసి మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. గాజు గిన్నె ఉంటే పొరలు కనిపిస్తాయి. లేకపోతే కేరేజీ గిన్నెలు భేషుగ్గా పనికొస్తాయి, ఒక్కో గిన్నె నలుగురికి సరిపోతుంది, స్టీలు కాబట్టి తొందరగా చల్లబడుతుంది. కనీసం ఆరు గంటలు కదపకండి. రాత్రి చేసి పొద్దున్న తీస్తే ఇంకా మంచిది. మధ్యలో రుచి చూద్దామని మూత తీసి చెంచా పెట్టకండి, పొర తెగిన చోట నీరు చేరుతుంది.

కరెంటు పోతే? మీరందరూ అదే అడుగుతారని తెలుసు. ఫ్రిజ్ తలుపు తీయకపోతే దాదాపు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. నేను ఎండాకాలంలో రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి ఉంచుతాను. కరెంటు పోగానే ఒక్కసారి తలుపు తీసి గిన్నెకి చెరో పక్కా పెట్టేస్తాను, అంతే, మళ్లీ తీయను. నాలుగు గంటలు దాటి, గిన్నె ముట్టుకుంటే చల్లగా లేదనిపిస్తే మాత్రం పిల్లలకి పెట్టకండి. ఎంత కష్టపడి చేసినా సరే.

చెప్పమ్మా... వెనక చెల్లి అడుగుతోంది, పిల్లలకి కాఫీ పెట్టొచ్చా అని. పెట్టకపోవడమే మంచిది. కాఫీ బదులు కోకో కలిపిన చల్లటి పాలల్లో ముంచు. మామిడిపళ్ల రోజుల్లో అయితే కొత్తపల్లి కొబ్బరి రసం తీసి, కాస్త నీళ్లు కలిపి పలచన చేసి అందులో ముంచు, పైన కోకో వద్దు. దాన్ని టిరామిసు అనడానికి ఇటలీవాళ్లు ఒప్పుకోరేమో గాని, పద్ధతి అదే. మా మనవరాలికి అదే ఇష్టం.

ఇంకొకరు అడుగుతున్నారు, ఇందులో మందు కలుపుతారట కదా అని. కొన్ని చోట్ల రమ్మో, మార్సాలా అనే వైనో కలుపుతారు. ట్రెవిజో హోటల్లో చేసినదాంట్లో అది లేదు. కాబట్టి అది లేకపోతే లోటేం కాదు. బయట కొనేటప్పుడు మాత్రం అడిగి కొనుక్కోండి.

అమ్ముకోవచ్చా అంటే, తప్పకుండా అమ్ముకోవచ్చు. మీరు చేయగలరని నాకు గట్టి నమ్మకం. అయితే ఆహార భద్రత శాఖలో పేరు నమోదు చేయించుకోవాలి, గుడ్డు లేనిదే చేయాలి, చేసిన రోజూ తేదీ కప్పు మీద రాయాలి, రెండు రోజులు దాటింది అమ్మకూడదు. ఐస్ డబ్బా లేకుండా ఆటోలో పంపకూడదు. పెద్దమొత్తంలో ఆర్డరు ఒప్పుకునే ముందు ఇంట్లో కనీసం నాలుగుసార్లు చేసి చూసుకోండి. నాకు నాలుగోసారికి గాని కుదరలేదు.

కోకో ఎప్పుడు చల్లాలని అడగలేదు మీరు. ముందే చల్లితే అది తేమ పీల్చి నల్లటి మరకల్లా అయిపోతుంది. అందుకే చివరికి ఉంచాను. ఇదిగో, ఐస్ డబ్బా తెరుస్తున్నాను. ఆకుపచ్చ మూతది గుడ్డు లేనిది, మారీ బిస్కట్లతో చేశాను. ఎర్ర మూతది గుడ్డు వేసింది. టీ వడగట్టే జల్లెడలో రెండు చెంచాల కోకో వేశాను, తీపి కలపని పొడి. అమ్మా, నువ్వు, ముందు వరుసలో ఆకుపచ్చ చీర, ఇలా వచ్చి ఈ జల్లెడ పట్టుకో. అంచు మీద వేలితో తట్టు, మెల్లగా, గుడిలో విభూతి రాలినట్టు రాలాలి. క్రీము ఎక్కడా కనబడకూడదు... చాలు, ఆ మూలకి కొంచెం. ఇప్పుడు వేడినీళ్లలో ముంచి తుడిచిన చాకు ఇవ్వండి. కోసినప్పుడల్లా మళ్లీ ముంచి తుడవాలి.

ఇదిగో మొదటి ముక్క. పక్క నుంచి చూడండి, నాలుగు పొరలూ విడివిడిగా కనిపిస్తున్నాయి, పళ్లెంలో చుక్క నీరు దిగలేదు. ఇది పెద్దమ్మకి ఇవ్వండి ముందు. మిగతావాళ్లు వరసలో రండి, పిల్లలకి మాత్రం నేను ఇంటి నుంచి కోకో పాలతో విడిగా చేసినది తెచ్చాను, అది ఆ చిన్న కేరేజీలో ఉంది.